చిల్లులు పడ్డ గ్రాఫీన్

రెండు గోడల అవతల చీమ తుమ్మినా వినిపించే చెవులు నావి. అందుకే ప్రయోగశాలలో ప్రొఫెసరుకూ, ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయికీ జరిగిన వాదన పొల్లుపోకుండా విన్నాను. గ్రాఫీన్ అనే పరమాణువంత పల్చని కార్బన్ పొరల మీద ఆమె అయిదేళ్లు పనిచేసింది. ఆయన సంతకం లేనిదే ఆమె రాసిన పరిశోధన గ్రంథం గడప దాటదు.

“ఆ చిల్లుల ముక్కల కొలతలు తీసెయ్యమ్మా, సంతకం పెట్టేస్తాను.”

“తియ్యను సార్.”

“యంత్రంలో ఎక్కువసేపు ఉంచి పాడుచేసింది నువ్వే కదా?”

“నేనే. అదీ రాశాను.”

“చిల్లు పడితే కరెంటు సరిగా పారదని నేనెప్పుడో తేల్చాను.”

“మీరు తేల్చింది ఒంటి పొర సంగతి. ఇవి మూడేసి పొరలు. పైది జల్లెడైపోయినా, కింది రెండూ కరెంటును మోసుకుపోయాయి సార్.”

ఆమె గొంతు ఇసుమంతైనా వణకలేదు.

“తీగలు ఒకదానికొకటి తగిలేలా అతికించి ఉంటావులే.”

“పదకొండు ముక్కలు సార్. పదకొండుసార్లూ తప్పే అతికించానా?”

“మొండిఘటం! సంతకం పెట్టనంటే ఏం చేస్తావ్?”

“ఇదిగో, పన్నెండోది. మీరే అతికించి, మీరే కొలవండి.”

ఆయన కొలిచాడు. మీటరులో కరెంటు నిక్షేపంగా పారుతోంది.

“ఆ కలం ఇలా ఇవ్వు.”

నా చెవుల గొప్పేమీ లేదు, తలుపు బార్లా తీసి ఉంది. గొంతు వణకలేదన్నది కూడా నా కల్పనే. మొదటి మాట నుంచీ వణుకుతూనే ఉంది. ఆ వణికే గొంతుతోనే అన్నీ అనేసింది.