చప్పట్ల బోటు వాడే విధానం

ఆఫీసు గ్రూపులో మెసేజీల కింద రియాక్షన్లు పెట్టే బోటు, అంటే చిన్న ప్రోగ్రాము, ఒకటుంది. దాన్ని తయారుచేసిన ప్రోగ్రామరు పక్కకి, దానికి మాన్యువల్ రాయాల్సిన ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"'పెట్టు' అని కొడితే పెడుతుంది. 'తియ్' అంటే తీసేస్తుంది. 'ఎవరు' అంటే ఏది ఎవరు పెట్టారో పేర్లు బయటపెడుతుంది. ఇవి మూడూ రాసేశాను. నాలుగోదేంటి తమ్ముడూ?"

"నాలుగోది లేదక్కా."

"ఇంత లావున స్క్రీన్ మీద కనిపిస్తోంటే లేదంటావేం? 'సార్ చప్పట్లు' అని."

"అదా... అది రాయక్కర్లేదక్కా."

"రాయకపోతే మాన్యువల్ ఎందుకు? ఏం చేస్తుందది?"

"చప్పట్లు కొడుతుంది."

"ఎవరికి?"

"సార్‌కి."

"ఎవరి తరఫున?"

"అందరి తరఫునా."

"అందరంటే?"

"అందరంటే అందరే అక్కా! మేనేజరుగారు గ్రూపులో కవిత పెట్టగానే అందరి పేర్ల మీదా చప్పట్లు, హార్టులు టపటపా పడిపోతాయి. రోజుకో కవిత చదివి మెచ్చుకోవాలంటే ఎవరికుంది ఓపిక? పర్మిషన్ అడిగితే ఒక్కరూ కాదనలేదు. వాచ్‌మన్‌గారైతే చేతులెత్తి దణ్ణం పెట్టారు."

"నన్నడగలేదే?"

"నువ్వు తర్వాత చేరావు కదా. మర్చిపోయా."

"అయితే ఇదంతా నీ నిర్వాకమన్నమాట! సార్ ఉద్యోగం మానేస్తున్నారు, తెలుసా?"

"ఆఁ?"

"ఇంతమంది అభిమానులుండగా ఈ ఫైళ్ళూ మీటింగులూ నాకెందుకమ్మా, హాయిగా ఇంట్లో కూర్చుని కవిత్వం రాసుకుంటానన్నారు పొద్దున్నే. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు ఆయనకి!"

"అక్కా, అక్కా, నా పేరు చెప్పకు."

"చెప్పకపోతే ఆయన సంసారం వీధిన పడుతుంది."

"చెబితే నేను పడతాను."

"పడు. అదిగో, వస్తున్నారు. నోరు విప్పు."

"నువ్వు చెప్పక్కా, నీకైతే భాష వచ్చు."

"చేసింది నువ్వు, చెప్పేది నేనా?"

"ఏమిటి, నన్ను చూడగానే గుసగుసలు? మాన్యువల్ ఎంతవరకొచ్చిందమ్మా?"

"నాలుగో కమాండ్ దగ్గర ఆగింది సార్."

"ఆగితే ఎలా? నేనుండగానే సంతకం పెట్టించుకోండి. రేపే నా రాజీనామా."

"సార్... ఇంకోసారి ఆలోచించుకోండి సార్."

"ఆలోచించడానికేముందయ్యా? మొన్న జ్వరమొచ్చి రాలేనని గ్రూపులో పెట్టాను. దానికీ చప్పట్లే! నా జ్వరంలో కూడా కవిత్వం చూశారు మీరంతా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనుకో. అప్పుడే మా ఆవిడతో చెప్పేశాను, ఇక ఆఫీసు వద్దని."

"అది... అది బోటు సార్."

"ఏది?"

"చప్పట్లు సార్. నాలుగు పొట్టి లైన్లు కనిపిస్తే కవితేననుకుంటుంది. మీరేమో 'ఒళ్ళంతా నొప్పులు' ఒక లైను, 'తలంతా బరువు' ఒక లైను, అలా పెట్టేసరికి..."

"పెట్టేసరికి?"

"కొట్టేసింది సార్."

"మిగతా కవితలకి?"

"వాటికీ అదే సార్."

"హార్టులు?"

"హార్టులూ."

"అంటే ఒక్కరూ చదవలేదన్నమాట. ఇన్నాళ్ళూ నేనేమో వెర్రివెంగళప్పలా రోజూ అంకెలు చూసుకుని మురిసిపోయాను."

"సార్, కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళొద్దులే అమ్మా. ఉండుండు... మరి ఆ కిందకి తిరిగిన బొటనవేలు? ప్రతి కవిత కిందా ఒకటి పడుతోంది. ఎవడో ఓర్వలేక పెడుతున్నాడనుకున్నా. అదీ బోటేనా?"

"లేదు సార్! బొటనవేలు దానికి నేర్పలేదు. ఒట్టు."

"అయితే ఆ 'ఎవరు' అనే కమాండ్ కొట్టు. మాన్యువల్ లేక నాకు చేతకాలేదు."

"కొట్టక్కర్లేదు సార్. నేనే."

"నువ్వా అమ్మా!"

"అక్కా, నువ్వా!"

"చదవకుండా పెట్టావా, చదివే పెట్టావా?"

"అన్నీ చదివే పెట్టాను సార్. కొన్ని రెండేసి సార్లు చదివాను."

"రెండేసి సార్లా!"

"మొదటిసారి నమ్మబుద్ధి కాక సార్."

"మరి జ్వరం దానికి పెట్టలేదేం?"

"అదొక్కటీ బావుంది సార్. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చదివి నేనూ ఒక మాత్ర వేసుకున్నాను."

"అది కవిత కాదమ్మా. సెలవు అడిగాను, అంతే."

"అందుకే బావుందేమో సార్."

"సార్? మరి ఆ రాజీనామా..."

"రాజీనామా ఏమిటయ్యా, ఉద్యోగం లేనివాడు సెలవెవర్ని అడుగుతాడు? ఆ బోటు నోరు కట్టేసి రేపొద్దున్న గ్రూపు చూస్తూ ఉండండి, నాకు కడుపునొప్పి రాబోతోంది!"