కోటలో మా అత్తగారు

హలో… ఆ, నేనే. నంబరు తీసేశాను గానీ నీ గొంతు గుర్తుంది. చెప్పు.

…అక్కా అనకు. నా దగ్గర అసిస్టెంటుగా చేరి, నా నాలుగో చారిత్రక నవల ప్లాను ఎత్తుకెళ్లి, నాకంటే ముందు నీ పేరుతో అచ్చేయించుకున్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి నేను అక్కనెలా అవుతాను?

…సరే, సరే. విషయమేంటి?

…రేపు నీ పుస్తకం పరిచయ సభ, తెలుసు. కార్డు నాకూ వచ్చింది… అందులో మాట్లాడబోయే చరిత్ర ప్రొఫెసరు ఆధారాలు అడుగుతున్నాడా? దేనికి?

…ఓ, రాజమాత. ఒంటికన్నుతో కోట బురుజు మీద మేకలు పెంచే రాజమాత. ఏ శాసనంలో ఉందా… ఏ శాసనంలోనూ లేదు నాయనా. ఆవిడ మా అత్తగారు.

…వేళాకోళం కాదు. శుక్లం ముదిరి ఒక కన్ను పోయింది, మేడ మీద మేకల్ని పెంచేది. అంతే.

…నా పద్ధతి నీకు తెలియదు. ప్లాను వేసేటప్పుడు చరిత్రలో దొరకని మనుషుల కోసం కథ ఆపను. ఆ ఖాళీల్లో మా ఇంట్లోవాళ్లని కూర్చోబెడతాను. తర్వాత శాసనాలూ పాత పుస్తకాలూ తిరగేసి, ఒక్కొక్కరినీ లేపేసి, అసలు మనుషుల్ని తెస్తాను. మూడు నవలలూ అలాగే రాశాను. నాలుగోదానికి ఆ పని మొదలుపెట్టకముందే నువ్వు చక్కాపోయావు.

…సేనాపతా? నిద్రలో కళ్లెం లాగేవాడేగా? మా మరిది. బస్సు డ్రైవరు. నిద్రలో గేర్లు మారుస్తాడు.

…కోట నక్షా… మా అపార్ట్‌మెంటు. లిఫ్టు ఉన్నచోట సొరంగం పెట్టాను.

…నన్నంటావేం? ‘ఏళ్ల తరబడి పరిశోధించి’ అని ముందుమాట రాసుకున్నది నువ్వేగా. పప్పులో కాలేసింది నువ్వేగా.

…ఏంటీ? రాజమాత గురించి ఏదో రాగిరేకులో చదివానని నేను చెప్పాలా? నా మాటంటే ఆ ప్రొఫెసరుకి గురి, నిజమే. ఒక్క మాటంటే నువ్వు గట్టెక్కుతావు, అదీ నిజమే… అనను.

…కసే. కాదని ఎవరన్నారు? నీ పుస్తకం అచ్చుకి వెళ్తోందని తెలిసినప్పుడు మావారు కోర్టుకెళ్దామన్నారు. ఎందుకండీ, రానివ్వండి అన్నాను. అది దుకాణాల్లోకి వచ్చేదాకా నోరు మెదపలేదు. వచ్చాక కడుపునిండా అన్నం తిని హాయిగా పడుకున్నాను.

…రేపా? తప్పకుండా వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను. మా అత్తగారినీ తీసుకొస్తాను. జనం చూడొద్దూ రాజమాతని?

…ఆగు, పెట్టేయకు. నేనూ ఒకటి అడగాలి.

చివరి రాత్రి కోట తలుపు దగ్గర ఒక బంటు కాపలా ఉంటాడు చూడు. నా ప్లానులో వాడు తలుపు తియ్యడు. రాణి కోసం అక్కడే చచ్చిపోతాడు. నీ పుస్తకంలో వాడే గడియ తీసి శత్రువుల్ని లోపలికి రానిచ్చాడు. మొత్తం మీద నువ్వు మార్చింది ఆ ఒక్కటే. ఎందుకు మార్చావు?

…నమ్మేలా లేదా. అంత విశ్వాసంగా ఎవడూ ఉండడనిపించిందా.

…వాడెవరో అడగవేం?

…నువ్వేరా. ఆ చోట ఎవరిని పెట్టాలా అని చాలా ఆలోచించాను. మా తమ్ముళ్లనెవరినీ పెట్టబుద్ధి కాలేదు. నిన్ను పెట్టాను.

…ఏడుస్తున్నావా? ఏడువు. నేను పెట్టేస్తున్నా.