పులుసు కారే సొరకాయ

సాగర్ డ్యాము ఇంకా లేస్తున్న రోజులవి. గురజాల చర్చిలో కోతల పండగ ఆరాధన అయిపోయింది. ఎవరెవరో కానుకగా తెచ్చిన తొలిపంట, మిరపకాయలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, వరండాలో కుప్పపోసి ఉన్నాయి. వాటిని వేలం పాడించాల్సిన సంఘపెద్ద భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా జనమంతా వరండాలోనే చతికిలబడ్డారు. రూతమ్మకు భయమంతా ఆ ఖాళీ సమయం గురించే.

ఎందుకంటే మాచర్ల నుంచి కరుణమ్మ, కూతురు దయామణిని వెంటబెట్టుకుని వచ్చింది. పేరుకు పండగ, చూడవచ్చింది మాత్రం రూతమ్మ మనవడు యేసుపాదాన్ని. పిల్ల బడిలో టీచరు, బంగారం లాంటిది. పిల్లవాడు వాల్తేరు యూనివర్సిటీలో జెనెటిక్స్ చదువుతున్నాడు. చదువుకు వంక లేదు, వంకంతా నోటితోనే. "ఒరేయ్, ఈ ఒక్క పూట నోరు కట్టుకోరా, కరుణమ్మకు గొప్పలు చెప్పేవాళ్ళంటే గిట్టదు" అని రూతమ్మ వాణ్ణి నిద్ర లేపుతూ చెప్పింది, చర్చికొచ్చే దారిలో చెప్పింది, చివరికి ప్రార్థనలో ప్రభువుకు కూడా చెప్పుకుంది.

"ఇంతకీ ఏం చదువు బాబూ అది?" అని కరుణమ్మ అడిగింది. అంతే.

"ఈగలు అత్తయ్యా" అన్నాడు యేసుపాదం ఎంతో వినయంగా. అప్పుడే అత్తయ్యా అన్నందుకు రూతమ్మ గుండె జారింది. "పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు. సీసాల్లో అరటిపండు గుజ్జేసి పెంచుతాం. కొన్నిటికి కళ్ళు ఎర్రగా, కొన్నిటికి తెల్లగా ఉంటై. ఏ జంటకు ఎట్టాంటి పిల్లలు పుట్టినయ్యో లెన్సులో చూసి రాసుకుంటాం. ఒక్కో గుణం ఉంటది చూడండి, కొడుకులో ఎక్కడా కనపడదు. పోయిందిలే అనుకుంటాం. పోదు, దాక్కుంటది. మనవడిలో మళ్ళీ తేలుద్ది!"

ఇంతవరకు నిజమే. రూతమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు యేసుపాదం.

రూతమ్మ కళ్ళు మూసుకుంది.

"మిగతా కుర్రాళ్ళు ఈగలకు మత్తిచ్చి, పడుకోబెట్టి, కుంచెతో ఏరుకుంటారా, నేను ఊరికే 'ఏమర్రా, సర్దుకోండి' అంటే చాలు, తెల్లకళ్ళవి ఎడంపక్క, ఎర్రకళ్ళవి కుడిపక్క, మన చర్చిలో ఆడాళ్ళూ మగాళ్ళూ కూచున్నట్టు కూచునేయి. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. సరే, వట్టి ఈగలతో ఏముందిలే అని, ఓ ఈగని మిణుగురుకిచ్చి పెళ్ళి చేశా..."

"పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా?" అంది దయామణి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మొదట బెట్టు చేసినా చివరికి ఒప్పుకున్నారండీ" అన్నాడు తడుముకోకుండా. "పుట్టిన పిల్లలన్నీ దీపాలే! ఆ వారమే ఊరంతా కరెంటు పోయింది. సీసాలు తెచ్చి హాస్టలు మేడ మీద పెట్టా. సముద్రంలో ఓడలు లైటుహౌసు అదేననుకుని మా గేటు ముందుకొచ్చి లంగరేసినై. కెప్టెన్లు మా మెస్సులో టిఫిను తిని పోయారు."

"ఇడ్లీనా, ఉప్మానా?" అన్నాడు జమాల్. ఆయనకు కూరగాయల కొట్టుంది. ఏటా ఈ వేలానికి వచ్చేది సగం సరుకు కోసం, సగం యేసుపాదం కోసం.

"ఉప్మా, బాబాయ్. అదట్టా ఉంచు. ప్రాణమున్న ప్రతిదాన్లో రెండు పాయలు మెలేసిన దారం ఒకటి ఉంటది, డీఎన్ఏ అంటారు. గుణాలన్నీ దాన్లోనే. ఓ సొరగింజలోంచి దాన్ని లాగి, ఒక కొస హాస్టలు కిటికీకి కట్టి, రెండో కొస పట్టుకుని సెలవలకు రైలెక్కా. గోదావరి దాటా, దారం వస్తానే ఉంది. బెజవాడ దాటా, వస్తానే ఉంది. గుంటూరులో దిగి, కాఫీ తాగి బండి మారా, ఇంకా వస్తానే ఉంది! పిడుగురాళ్ళ దగ్గర మేకొకటి కొరికి తెంపింది గానీ, లేకపోతే మాచర్లలో మీ గుమ్మం దాకా వచ్చేది అత్తయ్యా."

"మేకేమైంది?"

"పందిరెక్కింది, బాబాయ్. తీగ గుణం వచ్చిందిగా! తెగిన చోట ఊరికే ముడేయడం ఎందుకని మిరపకాయ దారం ఒక పాయ, చింతకాయ దారం ఒక పాయ కలిపి జడ అల్లేశా. ఆ గింజ పెట్టా. ఇదిగో కాయ!" అంటూ కుప్పలోంచి చంటిబిడ్డంత సొరకాయను పైకెత్తాడు. "కోస్తే ముక్కలు రావు, పులుసే కారుద్ది. కారం, పులుపు అన్నీ దాన్లోనే. పొయ్యి కూడా అక్కర్లేదు, ఎండలో పెడితే ఉడుకుద్ది. ఉప్పు ఒక్కటే మిగిలింది. దాని సంగతి వచ్చే ఏడు చూస్తా."

వరండా అంతా పడీ పడీ నవ్వింది. కరుణమ్మ మాత్రం నవ్వలేదు. కాయ అందుకుని ఒళ్ళో పెట్టుకుని గోటితో తట్టి చూసింది.

"పెద్దమ్మా, ప్రభువు సన్నిధిలో ఉన్నావు. నువ్వు చెప్పు. ఇది ఈ అబ్బాయి చేసిన కాయేనా?"

నవ్వులు ఆగిపోయాయి. అవునంటే చర్చి గడపలో అబద్ధం, కాదంటే సంబంధం పోతుంది. దయామణి కూడా కొంగు దించి రూతమ్మ వంకే చూస్తోంది. యేసుపాదం వంగి కోళ్ళ కాళ్ళ కట్లు సరిచూడటం మొదలెట్టాడు. వాడి నాన్న పున్నయ్య తన కాళ్ళు తను చూసుకుంటున్నాడు.

"నా పాక మీద కాసింది తల్లీ" అంది రూతమ్మ మెల్లగా. "పొద్దున నేనే కోసుకొచ్చా. దాన్లో పులుసూ లేదు, పాడూ లేదు. వీడి తాత ఇట్టాగే చెప్పేవాడు. తలపాగా అడ్డమేసి కృష్ణానదిని ఆపి గొర్రెల్ని దాటించానని పెళ్ళిచూపుల్లో మా నాన్నకే చెప్పాడు. పున్నయ్య పుట్టి, నోట్లో మాట లేని పిల్లాడయ్యేసరికి, పోన్లే, ఆ గుణం ఆయనతోనే పోయిందనుకున్నా. పోలేదు, దాక్కుంది. ఇందాక వీడే చెప్పాడుగా."

"మరి ఆయనతో ఎట్టా వేగావు పెద్దమ్మా?"

"వేగడమేందే? ఆయన పోయినాక, వీడికి మాటలొచ్చేదాకా, ఆ ఇంట్లో నేను నవ్వలేదు."

కరుణమ్మ పున్నయ్య వైపు తిరిగింది. "ఏం అన్నయ్యా, నిజమేనా?"

పున్నయ్య బాగా ఆలోచించి, "ఊఁ" అన్నాడు.

అక్కడ ఆగలేకపోయింది కరుణమ్మ. కాయ ఒళ్ళోంచి జారిపోయేంతగా నవ్వింది. "అయితే వీళ్ళ పిల్లలు నీ మాదిరే ఉంటారన్నమాట! ఓ తరం నిమ్మళం. మునిమనవల నాటికి నేనుండన్లే."

జారిన సొరకాయను దయామణి పట్టుకుంది. మళ్ళీ కుప్పలో పెట్టలేదు.

"వేలంలో ఇది మనమే పాడదాం అమ్మా" అంది. "ఉప్పు సంగతి నేను చూసుకుంటా."