తుపాకి లేని కడ్డీ

"తాతా, గోడ మీద ఆ ఇనప కడ్డీ ఏటి?"

అదా. నాటు తుపాకిలో మందు దట్టించే కడ్డీ అమ్మా. తుపాకి లేదు, కడ్డీయే మిగిలింది. ముందు ఆ తలుపు దగ్గిరగా ఎయ్యి. ఎవులూ లేరని నాకూ తెలుసు, అలవాటు పోలేదు.

అది బర్మా సర్కారు నోట్లు సెల్లవన్న ఏడు... కాదు, ఆ తర్వాతేడు, జనం సిపాయిల మీద తిరగబడిన గొడవల ఏడు. సేతిలో నోటునే నమ్మలేనప్పుడు మనిసినేటి నమ్ముతాం? మీ మామ్మ తమ్ముడు సిమ్మాసెలం ట్వంటే అనే ఊళ్లో వరి ఏసేవోడు. అడివి పందులు సేనంతా కుళ్లబొడిసేసేవి. బావా, ఓ తుపాకి సూసి పెట్టు అన్నాడు. మా నాన్న ఏటకెల్లేవోడు గదా, నాకా ఇద్దె తెలుసు.

ఊ ఫో అని ముసిలి బర్మా ఆయన ఇంటికెల్లినాం. నానేమో మింగళాడోన్ దండు కాడ సిపాయిల బట్టలు కుట్టే దర్జీని. సిమ్మాసెలం ఆ మాట ముందే వాగీసినాడు. ఇంకేటి, సిపాయిల మనిసిననుకుని ఆయన నాకేసి ఒకటే సూపు. సాప మీద ఓ తుప్పు తుపాకి పెట్టినాడు. గోడకి మంచిదుంది. అది అమ్మనన్నాడు. అమ్మనంటే నాకు మరీ అనుమానం. నానే దింపినాను.

తుపాకి కొనేటప్పుడు కడ్డీ గొట్టంలోకి దింపాల. మూతి కాడ బొటనేలు పట్టి, తీసి, గొట్టానికి బైట ఆనించాల. అడుగుదాకా వొస్తే కాళీ. రాపోతే లోపలేదో ఉంది. ఆనిస్తే జానెడు తక్కువొచ్చింది. మందు దట్టించి ఉంచినాడు, రేవు దాటేటప్పుడు మమ్మల్ని సిపాయిలకి పట్టించడానికే అనుకున్నాను. ఎవులు పంపినారు నిన్ను అని అడిగీసినాను.

ఆయన కడ్డీ సివర మెలి ముల్లు బిగించి లోపలున్నది లాగినాడు. మందు కాదమ్మా. సుట్టిన కాయితాలు. సిపాయిల మీద తిరగబడి అడివిలోకి పోయిన ఆయన కొడుకు రాసిన ఉత్తరాలు.

"ఇప్పుడు నీకు తెలిసిపోయింది" అన్నాడు.

ఎవులికీ సెప్పనని ఒక్క మాట అనుంటే సరిపోను. అన్లేదు. అదీ ఏదో ఎత్తేమో అనుకుని లేసొచ్చీసినాను.

వారం తిరక్కముందే సిమ్మాసెలం గుమ్మంలో ఆ మంచి తుపాకి, కడ్డీతో సహా. ఎల్లి సూస్తే ఊ ఫో ఇల్లు కాళీ. మా నోరు కట్టడానికి తుపాకి ఇచ్చి, ముసిలాయన ఎటో పోయినాడు. బయపడి తుపాకి కాలవలో పారేసినాం. కడ్డీ పారెయ్యలేకపోయినాను. నాను ఎవులికీ సెప్పలేదమ్మా, మీ మామ్మకీ సెప్పలేదు. ఆయనకా సంగతి తెల్దు గదా...

తలుపు తీసీ, ఉక్కగా ఉంది. నిన్ను సూసి ఎవులూ ఇల్లొదిలి పోకుండా బతుకు తల్లీ, నూరేళ్లు బతుకు.