నాలుగో ఫిర్యాదు

అన్న జిరాక్స్ షాపులో కౌంటర్ వెనక ఆమె. ఎదురుగా స్టూలు మీద, ఆర్నెల్ల కిందట ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజరు.

“సంతకం ఒక్కటే కదమ్మా. అడగరానిదేమైనా అడిగానా?”

“చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు సార్. ‘సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని నేనెప్పుడూ చెప్పలేదు.’ ఇదేంటి? మూడుసార్లు చెప్పాను కదా.”

“చెప్పావేమో...”

“చెప్పావేమో కాదు, చెప్పాను. స్క్రీన్ మీద పైనుండే వెబ్ అడ్రసులో చివరి అంకె మారిస్తే చాలు, పక్క కస్టమర్ ఫైలు తెరుచుకుంటోంది, వాళ్ల ఫోను, ఇల్లు అన్నీ కనపడుతున్నాయి, ఎవడి కంటైనా పడితే కొంప మునుగుతుంది అన్నాను. మీరేమన్నారు?”

“పాత సంగతులు ఇప్పుడెందుకులే.”

“ఏమన్నారు సార్?”

“...పనీపాటా లేనివాడు తప్ప అంకె ఎవడు మారుస్తాడు అన్నాను.”

“ఎవడో మార్చాడు.”

“మార్చాడు. అందరి వివరాలూ బజార్న పడ్డాయి. తనిఖీ వాళ్లు రేపో మాపో వస్తారు. లోపం ముందే తెలుసా అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న. తెలీదంటే గండం గడిచినట్టే.”

“మరి ఆ అంకె నేను మార్చి చూపించినందుకు ఏం చేశారు?”

“అమ్మాయ్...”

“కస్టమర్ల ఫైళ్లు దొంగచాటుగా చూస్తోందన్నారు. అందరి ముందూ దొంగ అన్నారు. గేటు దగ్గర నా బ్యాగు బోర్లించారు. అన్నం డబ్బా మూత కూడా తీయించారు. మా అన్న బయట బండి మీద కూర్చుని అంతా చూశాడు.”

“ఏదో ఆవేశంలో అయిపోయింది. ఉద్యోగం మళ్లీ ఇప్పిస్తా, సరేనా?”

“అప్పుడు నేను రాసిచ్చిన రిపోర్టులు మూడూ ఏమయ్యాయి?”

“వాటి గురించి నీకే బెంగా వద్దు. నేనే తుడిచేశా. ఆనవాలు కూడా లేదు.”

“ఉద్యోగులు రాసినవి తుడిచేస్తారు సరే. కస్టమర్ పెట్టిన ఫిర్యాదు?”

“అది నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. ఆ రూలు పెట్టిందే నేను.”

“గోడకి కూడా అంటించారు, ఇంతింత అక్షరాలతో. కస్టమర్ మాట చెరిపేది లేదని.”

“ఇప్పుడా గోలంతా ఎందుకు?”

“మీరు గెంటేసిన సాయంత్రమే నేను మీ కస్టమర్‌నయ్యాను సార్. కొత్తవాళ్లకి నెల రోజులు ఉచితం కదా. పేరు మా అన్నది, అడ్రసు ఈ షాపుది. నాలుగోసారి మళ్లీ అదే రాశాను, పొల్లుపోకుండా.”

“నువ్వా... నాకెవరూ చెప్పలేదే.”

“చెప్పడమేంటి, జవాబు రాసిందే మీరు. ‘ఈ సంగతి మాకు తెలుసు, కంగారు పడాల్సిందేమీ లేదు.’ కింద మీ పేరు.”

“రోజుకి వంద జవాబులు పంపిస్తాను, అన్నీ చదివి పంపిస్తానా?”

“నేను చదివాను. ఆర్నెల్లుగా రోజూ చదువుతున్నాను.”

“నీ కాళ్లు పట్టుకుంటానమ్మా. తనిఖీ వాళ్లు వస్తే అది చూపించకు.”

“వాళ్లు పొద్దునే వచ్చారు సార్, నేనే పిలిచాను. మీరు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని మీ జవాబుకి నాలుగు కాపీలు తీయించుకున్నారు. ఇక్కణ్ణించి నేరుగా మీ ఆఫీసుకే వెళ్లారు. మీరూ బయల్దేరండి. గేటు దగ్గర బ్యాగు బోర్లిస్తే సిగ్గుపడకండి, అన్నం డబ్బా మూత కూడా తీయమంటారు.”