తిరిగి చెప్పాలె

మిర్యాలగూడ స్టేషన్‌లో భార్యాభర్తలు రైలు కోసం కూర్చున్నారు. అతనిది రైస్‌మిల్లులో పని. ఆమె దూరాన ఒక విమానాశ్రయంలో, పైలట్లకు రేడియోలో దారి చెప్పే కంట్రోలర్. ఆమె సెలవు అయిపోయింది.

“శుక్రారం పదిన్నరకు సూర్యాపేట దవాఖానల పన్ను సూపిచ్చుకో,” అంది ఆమె.

“సరే.”

“సరే అంటే నడ్వదు. ఏం చెప్పిన్నో తిరిగి చెప్పు.”

“నేనేమన్న పైలట్‌నా?”

“పైలటైతే చెప్పేటోడు. ఎంత ఎత్తుకు దిగాల్నో నేను చెప్తే, ఆ అంకె మళ్ల ఆయన నోట రావాలె. రాకుంటే ఇనలేదనే లెక్క.”

“తప్పు చెప్తే?”

“మళ్ల చెప్త. సక్కగ అనేదాక ఇడిసిపెట్ట.”

“మిల్లు సప్పుడుల మాకు తలకాయ ఊపుడే అలవాటు.”

“నాకు తలకాయలు కనపడయి.”

“అయినా నీకేం, రోజంత గంతమందితోని మాట్లాడ్తవ్.”

“అన్నీ అంకెలే. రూముకొచ్చినంక నోరు తెరిచే పనే ఉండదు.”

“ఊఁ. అగో, రైలొచ్చింది.”

“జర ఇను. నాకు ఆడ ఒక్కదాన్నే ఉండబుద్ధైతలేదు.”

“సరే, పైలం. దిగంగనే ఫోన్ చెయ్.”

ఆమె కాసేపు అతని నోటివైపే చూసింది.

“దిగంగనే ఫోన్ చేస్త,” అని తిరిగి చెప్పి, రైలెక్కింది.

అతను తల ఊపాడు.