కులం లేని ఇంజను

"తాతా, నువ్వు చదివిన ఆ ఫాదర్ల కాలేజీ గురించి చెప్పవా?"

కాలేజీ అంటే నీ కాలేజీ మాదిరి మూడంతస్తుల మేడ అనుకునేవు అమ్మణ్ణీ. రెండు రేకుల కొట్టాలు, ఒక ప్రార్థన గది, అంతే. ఉదయగిరి నించి ఆత్మకూరు పొయ్యే దారిలో, మేకలు కూడా మెయ్యని రాళ్ల దిబ్బ మీద కట్టినారు. ఆ దిబ్బ ఇచ్చిన పుణ్యాత్ముడు మా ఊరి పెద్దాయనే. పేరెందుకులే, వాళ్ల మనవళ్లు ఇప్పుడు మనతో బాగానే ఉండారు. దేవుడికి దానం చెయ్యాలంటే ఎవురైనా మాగాణి ఇస్తారా ఏంది? ఆంధ్ర రాష్ట్రం రాకముందు మాట ఇది. అప్పుడు ఆత్మకూరుకి బస్సు చార్జీ... ఎంతబ్బా... అణాలే లే. ఆ అణాలు కూడా లేక నడిచిపొయ్యేవాళ్లం.

ఫాదర్లు మంచోళ్లే. కాకపోతే ప్రార్థన పొడుగు, సంగటి పొట్టి. తెల్లారకముందే మోకాళ్ల మీద కూచోబెడితే, ఆకలికి మాకు దేవుడు తొందరగానే కనపడేవాడు. ఫీజు లేదు, దానికి బదులు దినామూ కాయకష్టం చెయ్యాల. కాలేజీ బావి మేం తవ్విందే.

మేం చెరువు కింద పాలెం వాళ్లం, మేం తాకిన కుండ ఊళ్లోవాళ్లకి పనికిరాదు. మా నాయన పెద్దాయన కాడ జీతానికి ఉండినాడు. జీతమంటే నువ్వనుకునే జీతం కాదు, బర్రెలూ పేడా ఆయనవి, చాకిరీ మనది. నేను కాలేజీలో చేరి ఏడాది కాలా, పెద్దాయన నాయనను పిలిపించినాడు. "ఒరే, నీకు మోకాళ్లు పొయినాయి. ఉగాది నించి నీ కొడుకును బర్రెల కాడికి పంపు. చదివి వాడేం చేస్తాడు, బర్రెలకి ఇంగ్లీషు చెప్తాడా?" నాయన తలూపి వచ్చేసినాడు. ఆయన ఎదట నాయన నోరు తెరిచింది నేను అప్పటిదాకా చూడలా.

అంతలో కరువొచ్చింది. సీతారామపురం పక్క జనం ఊళ్లే ఇడిచి పోతా ఉండారు. పెద్దాయన బావులన్నీ ఎండిపొయినాయి, రాళ్ల దిబ్బ మీద మా బావిలో మాత్రం నీళ్లుండాయి. ఇంగ చూడు తమాషా. ఆ బావిలో మా చేదలు మునగతా ఉండాయి గదా, ఊళ్లోవాళ్ల చేద ఎట్టా మునగాల? పెద్దలంతా కూచోని పొద్దుగూకిందాకా ఆలోచన చేసినారు. ఏం తేల్చినారంటే, అడుగున ఊట నీళ్లకి మా చేద తగల్లేదంట. ఇంజను పెట్టి గొట్టంతో అడుగు నించి లాగితే మైల లేదంట. ఇనుముకి కులం లేదంట. అంత బుర్ర వాన కోసం పెట్టింటే వానే పడుండేది.

పెద్దాయన తోటలో ఉండే ఇంజను బండి మీద మా బావి కాడికి వచ్చి దిగింది. మా ప్రిన్సిపాలు ఫాదరు చిన్న మనిషి, కానీ గడుసోడు. "నీళ్లు దేవుడివి, తీసుకోండి. కాలేజీ బావి గదా, ఇంజను మాత్రం మా పిల్లోడే తిప్పాల" అని నన్ను చూపించినాడు. పెద్దాయన మొహం చూడాల నువ్వు. మళ్లీ కూచున్నారు, మళ్లీ తేల్చినారు. వాడు హ్యాండిలు తిప్పి దూరంగా పోతే దోషం లేదంట. సరే, నేను తిప్పేది, దూరంగా బండ నీడన పుస్తకం తెరిచేది. మళ్లీ ఇంజను ఆపేదాకా నాకు వేరే పనేముండాది? ఉగాది వచ్చింది, పొయింది, బర్రెల మాట ఎవురూ ఎత్తలా.

ఒకరోజు ఇంజనులో ఏందో విరిగింది. నెల్లూరు నించి సామాను రావాల. ఊరి ఆడోళ్లు బిందెలు పెట్టుకోని ఎండలో నిలబడి ఉండారు. మా అమ్మ చేద వేసి తోడుకుంటా ఉండాది. మధ్యాన్నం దాకా చూసి, పెద్దాయన భార్య బిందె తెచ్చి అమ్మ ముందర పెట్టి "నీళ్లు పొయ్యి మే" అనింది.

"ఇంజను బాగయ్యేదాకా ఆగరాదా తల్లీ" అనింది మా అమ్మ. అన్నాక పోసిందిలే. ఆమెకి నోరే అంత, చెయ్యి మంచిది. ఇంగ బిందెలన్నీ వచ్చేసినాయి.

ఇంజను బాగుపడింది గానీ, దాని కోసం కాచుకోనుండే ఓపిక ఆడోళ్లకి పొయింది. వాళ్లే తాళ్లు, చేదలు తెచ్చుకోని బావిలో వేసినారు. పెద్దాయన నాయనను మళ్లీ పిలిపించినాడు. "ఇంజను తీసకపోతా ఉండా. నీ కొడుకుతో ఇంగ ఆడ పనేముంది? రేపటి నించి బర్రెల కాడికి పంపు." నేను నాయన ఎనకనే ఉండా. పరీక్షలు ముందరుండాయి.

నాయన చేతులు కట్టుకోని, తల వంచుకోని, మెల్లిగా అన్నాడు. "తీసకపోండయ్యా. కాకపోతే కొండాపురం నించి మీ వియ్యంకులు వచ్చి, ఇంజను లేకుండా మీ ఇంటోళ్లు ఆ బావి నీళ్లు ఎట్టా తాగతా ఉండారని నన్నడిగితే ఏం చెప్పమంటారు?"

పెద్దాయన కండువా దులుపుకోని లోపలికి పొయినాడు. ఇంజను ఆడనే ఉండింది. నా పరీక్షలయ్యేదాకా దినామూ తిప్పినాను. ఒక పక్క ఆడోళ్లు తాళ్లతో తోడుకునేవాళ్లు, ఇంకో పక్క ఇంజను పరువు కోసం డబడబలాడేది. ఆ మైల లేని నీళ్లు తాగింది ఎవురనుకున్నావు? పెద్దాయన బర్రెలు. నేను బండ నీడన చదువుకోని ప్యాసైనాను.

కాలేజీ చరిత్ర అని పుస్తకం ఏసినారుగా, దాంట్లో ఫాదర్లుండారు, దిబ్బ ఇచ్చిన దాతా ఉండాడు. ఉండనీ. ఆ పొద్దు మా నాయన అడిగిన ఆ ఒక్క మాట లేకపోతే నాకు చదువు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తాది నాకు. నువ్వు చల్లగా ఉండు తల్లా. నువ్వు తలెత్తే అడుగు, ఎవుర్నైనా. మా నాయనకి ఆ వీలు లేకపోయె...